పిస్టను చూసి నేను చెప్పిన తీర్పు

ఇంజను జబ్బు అందరికంటే ముందు చెప్పేయడమే గొప్పతనం అనుకునే వయసొకటి ఉంటుంది. ఆ వయసులో నేను రాజాం దగ్గర ఒక గోనెసంచుల మిల్లులో మెకానిక్కుగా చేరాను. చేర్పించింది మా అప్ప మొగుడు, అక్కడే ఫోర్క్‌లిఫ్ట్ నడిపే బావ. (ఆ కృతజ్ఞత నాలో ఎంతసేపు నిలిచిందో మీరే చూస్తారు.)

ఒక మధ్యాహ్నం జనపనార బేళ్లు ఎత్తుతూ ఎత్తుతూనే బావ బండి బిగుసుకుపోయింది. ఇంజను విప్పి పిస్టను బయటికి తీశాను. చుట్టూ అన్ని వైపులా గీతలు. అంటే ఇంజను వేడెక్కి, పిస్టను ఉబ్బి, సిలిండరును ఒరుసుకుందన్నమాట. అంతవరకు నేను చెప్పింది నిజమే. అక్కడ ఆగి ఉంటే బాగుండేది.

"నీళ్లు పోయకుండా నడిపేశాడు సార్," అన్నాను మేనేజరుతో, డాక్టరు ఎక్స్‌రే చూపించినట్టు పిస్టను ఎత్తిపట్టుకుని.

"ఏటిరా ఒరే! పొద్దున్నే పోసినాను, నువ్వు సూడనేదా?" అన్నాడు బావ.

(చూశాను. టీ గ్లాసుతో పక్కనే నిలబడి చూశాను. కానీ నా ఎక్స్‌రే ముందు నా కళ్లెంత?)

"రేపట్నుంచి గేటులోకి రాకు," అన్నాడు మేనేజరు బావతో.

బావ మొహం మాడిపోయింది. ఇంజను విప్పేముందు నేనే రేడియేటరులోంచి వంపిన బకెట్టు వైపు వేలు చూపించాడు. "మరి అందులో నిండుగా ఉన్నదేటి, మీ అప్ప కాసిన సారేటి?"

ఏదో ఒకటి వెతుకుతున్నట్టు బండి వెనక్కి నడిచాను. ఫోర్క్‌లిఫ్టుకు రేడియేటరు వెనకవైపు ఉంటుంది. వేడిగాలి అక్కడి జాలీలోంచి బయటికి పోవాలి. ఆ జాలీని నిండా మూసేసి, ఏడు గుర్రాల రథం మీద అరసవల్లి సూర్యనారాయణస్వామి ఫ్లెక్సీ! రథసప్తమికి బండికి పూజ చేసినప్పుడు కట్టింది నేనే, గాలి చొరకుండా నాలుగు మూలలా తీగ బిగించి. వేడి చూపించే ముల్లు ఎప్పుడో చచ్చిపోవడంతో సంగతి ఎవరికీ తెలియలేదు.

"ఇదెవుడు కట్టినాడు?" అన్నాడు మేనేజరు.

చెబితే నా ఉద్యోగం, చెప్పకపోతే బావది. ఆ రోజు తీగ అందించింది బావే. అయినా పెదవి విప్పకుండా నాకేసి చూస్తూ నిలబడ్డాడు.

"నేనే సార్."

మేనేజరు తిట్టబోయి, ఎదురుగా స్వామి ఉండటం చూసి ఆగాడు. చెప్పులు విప్పి దండం పెట్టుకున్నాడు. తర్వాత చెప్పులు వేసుకుని తీరిగ్గా తిట్టాడు. ఆ తిట్ల చివర బావ ఉద్యోగం నిలబడింది. నాది కూడా, అతికీ అతకనట్టు.

"ఒరే, స్వామికి సలేస్తాదనా అక్కడ కట్టినావు?" అని ఒక్క మాటే అన్నాడు బావ. సాయంత్రం నన్ను తన వెనకే బైకెక్కించుకుని ఇంటికి తీసుకెళ్లి, గుమ్మంలోంచే అప్పను కేకేశాడు. "ఒసే, ముందు మీ తమ్ముడికి అన్నం పెట్టు. తీర్పులు సెప్పి సెప్పి అలిసిపోనాడు."

నాకిప్పుడు సొంత షెడ్డుంది. అప్పటి నాలాంటివాడు పని అడగడానికి వస్తే పెట్టుకుంటానా అని అప్పుడప్పుడూ అనుకుంటాను. పెట్టుకోను. బావయితే పెట్టుకుంటాడు, నవ్వుకుంటూ.