అక్కకి నేను చేసిన పరీక్ష

అమలాపురంలో ఒక లేడీ డాక్టరుగారి నర్సింగ్‌హోములో లాబ్ టెక్నీషియన్‌గా చేరేటప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. కాకినాడలో కోర్సు పూర్తి చేసి వచ్చేను. మా నాన్న కొబ్బరి దింపు తీసేవాడు. అమ్మ వరిచేలల్లో కూలికి వెళ్ళేది. పి.గన్నవరం అవతల మా పేటలో తెల్లకోటు వేసుకునే ఉద్యోగం నాదే మొదటిది. ఆదివారం చర్చి నుంచి రాగానే అమ్మ ఆ కోటు ఉతికి, గంజి పెట్టి, అందరికీ కనపడేలా వీధివైపు ఆరేసేది.

లాబ్ అంటే మెట్ల కింద ఒక చిన్న గది. కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలీదు గనక మైక్రోస్కోపు కిటికీ దగ్గర పెట్టుకునేదాన్ని. కింద అద్దాన్ని ఆకాశంవైపు తిప్పితే వెలుతురు వచ్చేది.

రక్తం పరీక్షకి వచ్చే ఆడవాళ్ళు బాగానే మాట్లాడేవారు. ఇంకోరకం పరీక్షకి వచ్చేవాళ్ళు చీటీని నాలుగు మడతలు పెట్టి తెచ్చేవారు. ఎందుకొచ్చేరో చెప్పమంటే గోడవైపు చూసేవారు. చాలాసేపటికి, "తెలుపవుతుందండి" అనేవారు, అదీ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని. తెల్లబట్టతో అలా వచ్చేవాళ్ళు రోజుకి ముగ్గురో నలుగురో ఉండేవారు. వాళ్ళతో నెమ్మదిగా మాట్లాడటం నాకు వచ్చని డాక్టరుగారు మెచ్చుకునేవారు కూడా.

మా అక్క నాకంటే మూడేళ్ళు పెద్దది. రాజోలు దగ్గర ఊరికి ఇచ్చేరు. బావగారు టైలరు. ఇంటి అరుగు మీదే మిషను. స్కూలు పిల్లల యూనిఫారాలు ఎక్కువగా కుట్టేవారు. అక్క కాజాలు తీసి, గుండీలు కుట్టేది. ఆయన గట్టిగా ఒక మాట అనగా నేను వినలేదు.

అక్కకి మొదటి కడుపు నేను కాకినాడలో ఉండగానే పోయింది. ఆరోనెలలో, కాలువ రేవులో బట్టలుతుకుతుంటే ఉన్నట్టుండి ఉమ్మనీరు పోయిందట. ఇంటికొచ్చేసరికే అంతా అయిపోయింది. బిందె ఎత్తిందన్నారు కొందరు. వేడి చేసిందన్నారు ఇంకొందరు. పాస్టరుగారొచ్చి ప్రార్థన చేసి వెళ్ళేరు. నేను పరీక్షలయ్యేక వచ్చి అక్కని చూసేను. "ఆడపిల్లేనే," అంది. అంతకుమించి ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు.

రెండోసారి ఐదోనెల రాగానే అమ్మ జాగ్రత్తపడి అక్కని మా ఇంటికి తెచ్చేసుకుంది. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఏడాదైంది. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి సాయంత్రానికి వచ్చేసేదాన్ని. అక్కా నేనూ ఒకే చాప మీద పడుకునేవాళ్ళం.

అక్క రోజుకి మూడుసార్లు స్నానం చేసేది. పెరట్లో దండెం మీద తన చీర ఆరేసి, దాని కింద ఏవో గుడ్డముక్కలు ఆరేసేది. అవి నాకు మొదటివారమే కనపడ్డాయి. కనపడగానే అర్థమైంది కూడా. రోజూ ఎవరెవర్నో అడిగేదాన్ని, మా అక్కని అడగలేకపోయేను. ఇవాళ అడుగుదాం, రేపు అడుగుదాం అనుకుంటూ మూడువారాలు గడిపేను. ఎందుకని ఇప్పటికీ నాకు సరైన జవాబు తెలీదు. అక్క నా ముందు తలదించుకోవడం చూడలేనేమో.

ఒక ఆదివారం మధ్యాహ్నం పెరట్లో ఇద్దరం కూచుని రొయ్యలు వలుస్తున్నాం. అమ్మ లేదు.

"అక్కా, తెలుపవుతోందా?"

అక్క చెయ్యి ఆగింది. "ఏంలేదే. వేడి చేసింది. సబ్జా నీళ్ళు తాగుతున్నాగా."

"ఎన్నాళ్ళనుంచి?"

"పెళ్ళైన ఏడాది నుంచీ అప్పుడప్పుడూ ఉంది. అందరికీ ఉండేదేగా."

"వాసనుందా?"

అక్క గిన్నె పక్కన పెట్టి లోపలికెళ్ళిపోయింది. నేను వెనకే వెళ్ళేను. గోడకి ఆనుకుని నిలబడి, నావైపు చూడకుండా చెప్పింది. "పటికనీళ్ళతో లోపలిదాకా కడుక్కుంటున్నాను, పొద్దుటా సాయంత్రం. అయినా పోట్లేదు. ఆయన పక్కన పడుకోవాలంటే సిగ్గేస్తోంది."

"మా డాక్టరుగారికి చూపిద్దాం. చిన్న పరీక్షే."

"ఆ పరీక్ష చేసేది నువ్వేగా?"

"నేను కాక అక్కడ ఇంకెవరూ లేరక్కా."

"అయితే నేను రాను."

ఎంత బతిమాలినా వినలేదు. అమ్మకి చెప్తానంటే, "చెప్పేవంటే రేపే మా ఊరెళ్ళిపోతాను" అంది. అలా ఇంకో పదిరోజులు పోయేయి. చివరికి పొత్తికడుపులో సన్నగా నొప్పి మొదలైతే భయపడి తనే నాతో బస్సెక్కింది.

డాక్టరుగారు అక్కని చూసి, తీసిన తెలుపు స్లైడుమీద పెట్టి పంపించేరు. ఆయా తెచ్చి నా బల్లమీద పెట్టి, "మీ అక్కగారిదండి" అంది. అలా చెప్పకుండా ఉంటే బాగుండుననిపించింది. దానిమీద ఒక చుక్క పరీక్షమందు వేసేసరికి గదంతా చేపల కంపు వచ్చింది. రోజూ వచ్చేదే. ఆవేళ మాత్రం లేచి వెళ్ళి తలుపు గడియపెట్టి వచ్చేను, వరండాలో బెంచీమీద ఉన్న అక్కకి ఆ వాసన తగులుతుందేమోనని. మైక్రోస్కోపులో చూసేను. చీమలు పట్టిన బెల్లంముక్కల్లా ఒక్కొక్క కణం అంచంతా చుక్కలు చుక్కలుగా సూక్ష్మజీవులు. సందేహం లేదు. రిపోర్టు రాయడానికి కలం తీసేక చాలాసేపు రాయలేకపోయేను.

డాక్టరుగారు నన్ను లోపలికి పిలిచి నెమ్మదిగా చెప్పేరు. "బిడ్డ వచ్చే దారిలో మంచి క్రిములూ ఉంటాయమ్మాయ్, చెడ్డవీ ఉంటాయి. మంచివి తగ్గిపోతే చెడ్డవి పెరిగిపోతాయి. మీ అక్క శుభ్రంగా లేక వచ్చింది కాదిది. ఆ పటికనీళ్ళు ముందు మానిపించు, ఉన్న మంచివి కూడా పోతాయి. కడుపుతో ఉన్నప్పుడు ఇవి పైకి పాకితే ఉమ్మనీటి సంచి పల్చబడుతుంది. నెలలు నిండకుండానే నీళ్ళు పోతాయి."

"మొదటిసారి పోయింది అందుకేనాండీ?"

"అయ్యుండొచ్చు. ఇప్పుడెలా చెప్తాం?"

వారానికి మాత్రలు రాసేరు. అక్కకొక చీటీ, బావగారికొక చీటీ. ఇలాంటివన్నిటికీ మొగుడికీ పెళ్ళానికీ కలిపి మందివ్వడం అప్పట్లో మా దగ్గర వాడుక. మంచిదే కదా అనుకున్నాను నేను కూడా.

బావగారు శనివారం వచ్చేరు. మా అమ్మ ఇచ్చిన కాఫీ తాగేక నన్ను వీధి అరుగుమీదికి పిలిచేరు. చేతిలో మాత్రలున్నాయి.

"ఇవి నాకెందుకమ్మా?"

"ఇద్దరూ వాడితే మంచిదని డాక్టరుగారు..."

"నాకే జబ్బూ లేదు. నేను మిషను దిగి ఎక్కడికీ వెళ్ళను. నీకు తెలుసు." మాత్రలు అరచేతిలో అటూ ఇటూ తిప్పేరు. "మరి నాకు లేకపోతే ఇది దానికి ఎక్కణ్ణించి వచ్చింది?"

ఆ మాట ఆయన కోపంగా అనలేదు. నిజంగానే తెలీక అడిగేరు. ఇది ఒకరినుంచి ఒకరికి రావాలని లేదండి, దానంతటదే రావచ్చండి అని చెప్పేను. "దానంతటదే వచ్చేదైతే నాకెందుకు మందు?" అన్నారు. నాకు నేర్పినదాంట్లో అది లేదు. అక్క తలుపు వెనకే ఉంది. మొత్తం వింది.

ఆయన మాత్రలు వాడేరు. వారం రోజులూ వాడేరు గానీ, వారంవారం వచ్చే మనిషి మళ్ళీ శనివారం రాలేదు, ఆపై శనివారమూ రాలేదు. అక్క మాత్రలు మింగి, నోరంతా ఇనప రుచిగా ఉందని చింతపండు చప్పరిస్తూ వీధివైపు చూస్తూ కూచునేది. గుడ్డలు ఆరెయ్యడం ఆగింది. వాసన లేదంది. మళ్ళీ తీసిన స్లైడులో కూడా తగ్గిందని నేనొక్కదాన్నే సంతోషించేను.

ఒకరోజు బావగారి తల్లి నర్సింగ్‌హోముకే వచ్చేసేరు. నా గది గుమ్మంలో నిలబడ్డారు.

"మా అబ్బాయికేం రోగం అంటగట్టేరమ్మాయ్? పెళ్ళానికి తెచ్చిపెట్టేడని ఊళ్ళో అనుకోరా?"

"అత్తయ్యగారూ, అలాంటిదేం కాదండి. కూచోండి." స్టూలు వేసేను. తెలిసినంతలో మొత్తం చెప్పేను. క్రిములు ఎలా పెరుగుతాయో, నీళ్ళు ముందే ఎందుకు పోతాయో. చెప్పడం అయ్యేక లేచి వెళ్తారనుకున్నాను. వెళ్ళలేదు.

"నాకూ ముగ్గురు పోయేరు," అన్నారు. "ఏడోనెలలో ఇద్దరు, ఆరోనెలలో ఒకడు. నీళ్ళే పోయేవి. మా అబ్బాయొక్కడే దక్కేడు. నాకూ ఇదుండేది. వాసన. మీ మావయ్యగారు పోయేదాకా వేరే మంచం మీదే పడుకునేవారు." చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని దాని పిడి నలుపుతూ, "ఆ మందు అప్పట్లో కూడా ఉండేదా అమ్మాయ్?" అని అడిగేరు.

ఉండేదో లేదో నాకు తెలీదు. తెలీదండి అన్నాను. "ఆయ్" అని లేచి వెళ్ళిపోయేరు. ఆ వారమే కొడుకుని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చి, కోడలికి తనే అన్నం కలిపి పెట్టేరు. బావగారు అక్క పక్కన కూచున్నారు గానీ ఇద్దరూ మాట్లాడుకోలేదు.

ఏడోనెల వచ్చిన పదోరోజు పొద్దున్న అక్క వంటింట్లో నిలబడి ఉండగా నీళ్ళు పోయేయి. నేను బస్సుకి బయల్దేరుతున్నాను. "చెల్లీ" అంది. చూస్తే కాళ్ళకింద గచ్చు తడిసిపోయింది. తను కదలకుండా నిలబడింది, కదలకపోతే ఆగుతుందన్నట్టు.

పక్కపేటలో కారు మాట్లాడి అమలాపురం తీసుకెళ్ళేం. పదకొండింటికి మగపిల్లాడు పుట్టేడు. నా అరచేతినుంచి మోచేతిదాకా వచ్చేడు. ఏడ్చేడు కూడా, పిల్లికూనలా. ఇక్కడ పెట్టుకోలేం, కాకినాడ తీసుకెళ్ళండన్నారు డాక్టరుగారు. దూదిలో చుట్టి, చుట్టూ వేడినీళ్ళ సీసాలు పెట్టి, అదే కారులో నేనూ, కబురందుకుని వచ్చిన బావగారూ బయల్దేరేం. పిల్లాడు నా ఒళ్ళో ఉన్నాడు. రావులపాలెం దాటకముందే ఊపిరి తేడాగా వచ్చింది. ఆగి ఆగి తీసుకుంటున్నాడు. నాకు పరీక్షలు చెయ్యడం వచ్చు గానీ ఆగిపోతున్న ఊపిరిని ఏం చెయ్యాలో రాదు. వేలితో గుండెమీద రాస్తూ కూచున్నాను. "చూడమ్మా, చూడు" అంటున్నారు బావగారు. చూస్తూనే ఉన్నాను. కాసేపటికి డ్రైవరుతో, "ఇక వెనక్కి తిప్పెయ్యండి" అని ఆయనే అన్నారు.

మర్నాడు డాక్టరుగారి గదికెళ్ళి, "మందు వాడేం కదండీ" అన్నాను. గొంతు లేచిందని నాకే తెలుస్తోంది.

ఆవిడ కోప్పడలేదు. "వాడేం. ఇన్‌ఫెక్షన్ తగ్గింది, నువ్వే మళ్ళీ స్లైడు చూసేవు. తగ్గితే కాన్పు ఆగుతుందని నేనెప్పుడూ చెప్పలేదమ్మాయ్. కొందరికి ఆగుతుంది, కొందరికి ఆగదు. అప్పటికే లోపల జరగాల్సింది జరిగిపోయిందేమో. ఇంకేదైనా కారణముందేమో. నాకూ తెలీదు."

అంత పెద్ద డాక్టరు నోట తెలీదన్న మాట విని ఆవేళ నేను భయపడ్డాను. మూడువారాలు ఊరుకున్న సంగతి ఆవిడకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

కొన్నేళ్ళకి ఆ రకం ఇన్‌ఫెక్షన్‌కి మొగుళ్ళకి మందివ్వడం మా డాక్టరుగారు మానేసేరు. దానివల్ల ఉపయోగం లేదంటున్నారట. ఆ సంగతి ఆవిడ మామూలుగా, టీ తాగుతూ చెప్పేరు. నేను బావగారి మాత్రలు తల్చుకుంటూ స్లైడులు కడుక్కున్నాను.

రెండువేల సంవత్సరం దాటేక అక్కకి మళ్ళీ కడుపొచ్చింది. ఈసారి నెలనెలా నేనే పరీక్ష చేసేను. అక్క సిగ్గుపడటం మానేసింది. అన్ని పరీక్షలూ బాగున్నాయి. ఏ మందూ వాడలేదు. అయినా ఎనిమిదోనెలలోనే నీళ్ళు పోయేయి. ఆడపిల్ల, చాలా చిన్నది. కాకినాడలో నెలరోజులుంచేక ఇంటికి తెచ్చుకున్నాం. ఎందుకు బతికిందో డాక్టరుగారూ చెప్పలేదు, నేనూ అడగలేదు. బావగారి తల్లి దాన్ని చూడకుండానే పోయేరు.

ఆ పిల్ల బళ్ళో చేరిన ఏడు, ఒక సాయంత్రం అక్కావాళ్ళింటి అరుగుమీద కూచున్నాం. లోపల పిల్ల ఎక్కాలు చదువుతోంది. గుండీ కుడుతూ కుడుతూ అక్క అంది, "చెల్లీ, నేను ఆ పదిరోజులు మొండికెయ్యకుండా ముందే వచ్చుంటే ఆ పిల్లాడు బతికేవాడేనంటావా?"

ఇన్నేళ్ళూ ఆ పదిరోజులూ అక్క లెక్కపెట్టుకుంటోందని నాకప్పుడే తెలిసింది. అంతకుముందు మూడువారాలు నావని చెబుదామనుకున్నాను.

"తెలీదక్కా," అన్నాను.

అక్క దారం పంటితో తెంపి, ఇంకో చొక్కా తీసుకుంది.