బూడిదలో ఆవగింజలు

యుద్ధం నడుస్తున్న రోజులు. జొన్నలకు కూడా వరుసలో నిలబడాల్సి వచ్చేది. అలాంటి రోజుల్లో నా మొగుడి కొలువు బూడిదలో గింజలు ఏరడం.

పత్తర్‌గట్టి వెనక గల్లీలో ఒక సాబ్ ఉండేవాడు. నేలలో కూరుకుపోయిన పాతకాలపు ఊళ్లను తవ్వించి, అప్పటివాళ్లు ఏం పండించి ఏం తిన్నారో తెలుసుకోవడం ఆయన పని. వాళ్ల పొయ్యిలు బయటపడ్డ చోటి మట్టి గోనెసంచుల్లో ఇంటికి వచ్చేది. నా మొగుడు దాన్ని గంగాళం నీళ్లలో కలిపేవాడు. మట్టి అడుగుకు దిగేది, మాడిన గింజలు పైకి తేలేవి. వాటిని పల్చటి గుడ్డతో ఎత్తి ఆరబెడితే సాబ్ భూతద్దం కింద చూసి, సీసాల్లో పోసి చీటీలు అంటించేవాడు. ఇది రాస్తున్న చేతికి అప్పటికి అక్షరం రాదు, ఆ చీటీలు నాకు వట్టి గీతలు. నేను ఆ ఇంట్లోనే గిన్నెలు తోమేదాన్ని. ఇద్దరి జీతం కలిస్తేనే ఉప్పుగూడలో మా పొయ్యి వెలిగేది.

మా వాడలో ఎవరూ గింజల సంగతి నమ్మలేదు. "బంగారం కోసం తవ్వుతున్రు. గింజలంట గింజలు! మనకు మంచి జొన్నలే దొరకయి, మీ సాబుకు మాడిన జొన్నలు కావాల్నా?" అని పక్కింటామె నవ్వేది. నాకూ లోపల అనుమానమే. ఎవరూ లేనప్పుడు గంగాళం అడుగున చేయి పెట్టి చూశాను. బురదే.

సాబ్ తల్లిని మేమంతా బడీ పాషా అనేవాళ్లం. ఆమె అనుమానం వేరు. తల్లీకొడుకుల ఉర్దూ మాటలు నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. "చచ్చినోళ్ల మట్టి ఇంట్లకు తెస్తవు. నీకేమన్నా అయితే?" అని ఆమె లొల్లి పెట్టేది. "పొయ్యి మట్టి అమ్మీ, గోరీ మట్టి కాదు" అని ఆయన నవ్వి తలుపు వేసుకునేవాడు.

ఒక సాయంత్రం సాబ్ నా మొగుణ్ణి పిలిచి అరచేయి చాపాడు. అందులో మాడిన ఆవాలు.

"ఉలవలు ఒక మట్టిల ఉంటయి, ఇంకో మట్టిల ఉండయి. ఈ ఆవాలేంది, పై మట్టిల, అడుగు మట్టిల, వేరే ఊరి మట్టిల, అన్నిట్ల ఉన్నయి? ఎవరు కలుపుతున్నరు?"

"నాకేం ఎరుక సర్కార్."

"గింజ దొరికితే నేను ఖుష్ అయితనని నీకెరుకనే గద."

మర్నాటి నుంచి నా మొగుడు సంచి ముట్టుకునే ముందు అంగీ జేబులు తిరగేసి చూపించాలి. ఇంటికి వస్తూ దారి పొడవునా నేను ఆయన ముఖమే చూశాను. "నిజం చెప్పు, ఏసినవా?" అన్నాను.

"నువ్వు గూడనా?" అన్నాడు. ఇల్లు చేరేదాకా నాకంటే పది అడుగులు ముందే నడిచాడు.

పాత సంచులు అప్పటికే అయిపోయాయి, కొత్తవి వచ్చాయి. సాబ్ నమాజుకు వెళ్లాడు. వసారాలోంచి మిరపకాయల ఘాటు వచ్చింది. వెళ్లి చూస్తే బడీ పాషా, మూతి విప్పిన సంచుల పక్కన నిప్పుల కుంపటి, ఆమె మాటలో అంగీఠీ, పెట్టుకుని నిలబడి ఉంది. పిడికిలి సంచుల చుట్టూ తిప్పి ఉప్పు, ఎండుమిరప, ఆవాలు నిప్పుల్లో వేసింది. ఆవాలు చిటపటమని మాడి, ఎగిరి, సంచుల్లో పడ్డాయి.

ఈ ఆవాల వల్లే సాబ్ నా మొగుణ్ణి అనుమానిస్తున్న సంగతంతా చెప్పేశాను. ఆమె చెంపన చేయి వేసుకుంది.

"హాయ్ అల్లా! మట్టిల ఏముందో, అది నా బచ్చాకు తగలొద్దని దిష్టి తీస్తున్న. ఇగ తియ్య, బిడ్డా. వానికి మాత్రం చెప్పకు. తెలిస్తే మట్టి పట్టుకుని వేరే ఇంటికి పోతడు."

ఆ సంచుల్లో పడ్డ ఆవాలు అప్పుడే ఇద్దరం ఏరేశాం. నేను చెప్పలేదు, ఆమె మాట తప్పలేదు. ముప్పు ముంచుకొచ్చింది అక్కడే. ఆ సంచుల్లో గానీ, తర్వాత వచ్చినవాటిలో గానీ ఒక్క ఆవగింజ లేదు.

"జేబులు చూసుడు మొదలుపెట్టంగనే గింజలు బంద్ అయినయి. ఇంకేం సబూత్ కావాలె?" అన్నాడు సాబ్. ఉన్న సంచులు కడిగి, జీతం తీసుకుని వెళ్లిపొమ్మన్నాడు.

బడీ పాషా కాళ్ల దగ్గర కూర్చున్నాను. "పాషా, మీరు మంచి చేసిన్రు, మాకు గిట్లయింది. నోరన్న విప్పండి, లేకుంటే దిష్టన్న మళ్ల తియ్యండి." ఆమె లేచి లోపలికి వెళ్లిపోయింది. కాదంటుందనే అనుకున్నాను.

మర్నాడు నా మొగుడు గంగాళం ముందు, సాబ్ కుర్చీలో ఉండగా, ఆమె అంగీఠీ పట్టుకుని వచ్చింది. కొడుకు చూస్తుండగానే పిడికిలి తిప్పి నిప్పుల్లో వేసింది. ఆవగింజలు చిట్లి నీళ్లలో పడి తేలాయి.

"నీ చోర్‌ను నేనే" అంది. "ఇగ ఆయన జేబులు చూడకు."

సాబ్ తేలే గింజల వంకే చూశాడు. "ఎప్పటిసంది అమ్మీ?"

"మొదటి సంచికెల్లి."

ఆయన లేచి గదిలోకి వెళ్లి సీసాల ముందు నిలబడ్డాడు. నా మొగుడు గడపలోంచి అడిగాడు: "సర్కార్, ఆ కాలపోళ్లు గూడ ఆవాలు తిని ఉంటే?"

"ఉంటే ఉండొచ్చు. ఏది వాళ్లదో ఏది మా అమ్మదో ఇగ ఎట్ల తెలుస్తది?"

కొలువు పోకుండా నిలబడింది. మర్నాడు నా మొగుడు అలవాటుగా జేబులు తిరగేస్తే సాబ్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. వంటింట్లో ఆవాల డబ్బా మాత్రం సాబ్ అల్మారాలోకి చేరి తాళం పడింది. పోపు వేసే పూట నేను వెళ్లి అడిగితే, ఒక చెంచా కొలిచి నా చేతిలో పోసి, వంటింటి దాకా నా వెనకే వచ్చేవాడు.