జేజి నోరారా పిలిచిన పేరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నన్ను ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవని మనిషి ఒకామె ఉండేది. ఆమె మా జేజి, అంటే మా నాయనకు అమ్మ. పిలవకపోవడం కోపంతో కాదు. నా మీద ఉన్నంత ప్రేమ ఆమెకు ఇంకెవరి మీదా ఉండేది కాదు. చిక్కంతా నా పేరుతోనే వచ్చింది. మొదటి మగపిల్లవాడికి తండ్రి తండ్రి పేరు పెట్టడం మా వైపు ఆచారం. నేను పుట్టేనాటికి మా తాత పోయి ఏడాదయిందట. అలా ఆయన పేరు నాకొచ్చింది. భర్త పేరు నోట పలకకూడదన్నది జేజి నియమం. ఆయన బతికుండగా పలకలేదు, పోయినాకా పలకలేదు, ఆ పేరు మోస్తూ చెడ్డీ వేసుకుని ఇల్లంతా తిరిగే నన్ను చూసీ పలకలేదు. అది ఒక దేవుడి పేరు కూడా. మా తాతను ఆయప్ప అనేది కాబట్టి, ఆ దేవుణ్ణి తలచుకోవలసి వస్తే "ఆయప్ప పేరు సామీ, నువ్వే దిక్కు" అని మొక్కుకునేది. ఏ దేవుడో ఆ దేవుడే అర్థం చేసుకోవాలి.

మా అమ్మకు అది మామగారి పేరు. కాబట్టి ఆమె కూడా నన్ను "నాయనా" అనే పిలిచేది. పేరు పెట్టి పిలిచేది మా నాయన ఒక్కడే, అదీ కోపమొచ్చినప్పుడు. కన్నతండ్రి పేరుతో తిట్టడానికి మనసొప్పక సగంలోనే ఆగిపోయేవాడు. ఆ పేరు వల్ల నాకు జరిగిన మేలు అదొక్కటే.

జేజి నన్ను "అబ్బోడా" అనేది. సాయంత్రమైతే నంద్యాలలో మా వీధి ఆడవాళ్ళంతా గడపల్లో నిలబడి తమ పిల్లల్ని పేర్లతో కేకేసేవారు. మా జేజి మాత్రం "ఓ అబ్బోడా!" అని కేక పెట్టేది. ఆ కేకకు అరడజను మంది అబ్బోళ్ళం పరుగెత్తుకొచ్చేవాళ్ళం. వాళ్ళలోంచి నన్ను ఏరి, రెక్క పట్టుకుని లోపలికి తీసుకుపోయేది. మిగతావాళ్ళు నవ్వుతూ వెళ్ళిపోయేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది.

పొద్దున నన్ను నిద్ర లేపడానికైనా ఏదో ఒక మాట కావాలి కదా. బేతంచెర్ల బండల నేల మీద చాప పరుచుకుని పడుకున్న నా పక్కన కూర్చుని, నుదుటి మీద చెయ్యి పెట్టి, "వేకువాయె... వేకువాయె" అనేది. పక్కింటి పిల్లల్ని పేర్లు పిలిచి లేపేవారు, నన్ను వేకువను పిలిచి లేపేది. చాలా ఏళ్ళు అది కూడా నా పేరే అనుకున్నాను.

నాకు తొమ్మిదేళ్ళున్నప్పుడు, డెబ్బైల నడుమ, అమ్మ రెండో కాన్పుకు పుట్టిల్లు ఆళ్ళగడ్డ పోయింది. మగపిల్లవాడు పుట్టాడని కబురొచ్చింది. పేరు పెట్టి తొట్టెలో వేసే రోజుకు నాయన వస్తానన్నాడు. నాలుగు రోజుల ముందే జేజి, నేను ఒక మూటెడు బట్టలు, ఒక డబ్బాడు మురుకులు పట్టుకుని బస్సెక్కాము. ఎడమ వైపు నల్లమల కొండలు మాతోపాటు వస్తున్నాయి. నేను కిటికీ పక్కన కూర్చుని వాటిని చూస్తున్నాను. జేజి పక్క సీటామెతో మాటల్లో పడింది. "ఇప్పుడు పుట్టినోనికన్నా నేను పిలిసే పేరు పెడితే బాగుండమ్మా. ఒక్క మనవన్నన్నా నోరారా పిలుసుకుంటా" అంది.

ఆ మాట నా గుండెలో ముల్లులా గుచ్చుకుంది. ఇంకా తొట్టె కూడా ఎక్కని ఆ పిల్లవాణ్ణి ఈమె పేరు పెట్టి పిలుస్తుంది, నేను మాత్రం పదిమంది అబ్బోళ్ళలో ఒక అబ్బోణ్ణిగా ఉండిపోతాను! తమ్ముడి మొహం చూడకముందే వాడి మీద నాకు కడుపుమంట మొదలయింది.

అయితే నాకొక ధైర్యం ఉంది. మొదటివాడికి తండ్రి తండ్రి పేరు పెట్టినట్టే, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టాలి. మా ఆళ్ళగడ్డ తాత పేరు ఓబులేసు. అహోబిలం సామి పేరే అది, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటికొక ఓబులేసు ఉండనే ఉంటాడు. ఆ పేరు పెడితే నా పని తేలికవుతుంది. అది మా అవ్వకు, అంటే మా అమ్మమ్మకు, మొగుడి పేరు, పలకదు. మా అమ్మకు తండ్రి పేరు, "ఒరేయ్" అని కలిపి అనడానికి నోరు రాదు. మా జేజికి వియ్యంకుడి పేరు, అంత పెద్దమనిషి పేరుతో పిల్లవాణ్ణి కేకెయ్యదు. అప్పుడు వాడూ నాలాగే అబ్బోడవుతాడు. అదే కావాలి నాకు.

ఆళ్ళగడ్డలో దిగేసరికి ఇంట్లో పేరు గొడవ ముదిరి ఉంది. అవ్వ ఆచారమంటే ఆచారమేనని పట్టుబట్టింది. పట్నం పద్ధతిగా ఉంటుందని, సురేశ్ అని పెట్టమని మా నాయన ఉత్తరం రాశాడు. జేజి మగపెళ్ళివారి తరపు మనిషైనా ఒక్క మాట కూడా అనకుండా మనవణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చుంది. వాణ్ణి చూస్తే నాకు ముచ్చటేసిన మాట నిజమే. వేలు పెడితే గట్టిగా పట్టుకున్నాడు. అయినా నా పంతం నేను వదల్లేదు.

ఆళ్ళగడ్డ తాతకు బస్టాండు పక్కన గోలీసోడా అంగడి ఉండేది. పేరు పెట్టే రోజుకు ముందు రోజు మధ్యాహ్నం నన్ను అంగడికి తోడు రమ్మన్నాడు. బల్ల మీద కూర్చోబెట్టి, "నీ తమ్మునికి ఏం పేరు పెడదాం రా?" అని అడిగాడు. "నీ పేరే తాతా, ఓబులేసు" అన్నాను. నా మీద ఎంత ప్రేమో అని ఆయన పొంగిపోతాడనుకున్నాను. తాత నన్ను కాసేపు ఎగాదిగా చూశాడు. తరువాత చేతులు తుడుచుకుని, అంగడి ముందుకు పోయి, బస్టాండు దద్దరిల్లేలా "ఓబులేసూ!" అని కేక పెట్టాడు.

ఆరుగురు తిరిగారు. మూట దింపుతున్న కూలీ తిరిగాడు, బీడీ ముట్టిస్తున్న డ్రైవరు తిరిగాడు, మేకపిల్లను చంకన పెట్టుకున్న రైతు తిరిగాడు. టీ తాగుతున్న ఇద్దరు గ్లాసులతో సహా లేచి నిలబడ్డారు. బస్సులో కునుకు తీస్తున్న ముసలాయన కిటికీలోంచి తల బయటపెట్టి "ఏందీ, ఎవురూ?" అన్నాడు.

"ఏం లేదప్పా, అందరూ బాగుండారా అని సూస్తాండా" అన్నాడు తాత. బస్టాండంతా నవ్వింది. ఆ తరువాత "సురేశూ!" అన్నాడు. పుస్తకాలు పట్టుకున్న కాలేజీ పిల్లలిద్దరు తిరిగారు. "ఈ పేరు కూడా తొందరగా నిండిపోతాది లే" అని నవ్వుతూ వచ్చి, సోడా కొట్టి నా చేతికిచ్చి, పక్కన కూర్చున్నాడు.

అప్పుడాయన గొంతు తగ్గించి చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "పేరెందుకు రా? పిలిసేదానికి. నా పేరు పెడితే ఇంటినిండా ఆడోళ్ళుండీ పిల్లోన్ని పిలిసే దిక్కుండదు. మీ జేజి నిన్ను పిలవలేదని నీకు కోపం. నాకు తెలుసు. మరి ఆయమ్మ సంగతి? తొమ్మిదేండ్ల నుంచి నోటిదాకా వచ్చిన నీ పేరును మింగుకుంటాండాది. అదెంత కష్టమో ఎప్పుడన్నా సూసినావా?"

నా బుద్ధి ఈయనకు ఎలా తెలిసిందని సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ జేజి మీద జాలేసింది. నాకొక పిలుపు లేదని ఏడ్చుకున్నాను గానీ, ఆమెకు పిలిచే భాగ్యం లేదని ఏనాడూ అనుకోలేదు. సాయంత్రాలు గడపలో నిలబడి, పక్కవాళ్ళంతా పేర్లతో కేకలేస్తుంటే, ఆమె ఒక్క క్షణం ఆగి అప్పుడు "అబ్బోడా" అనేది. ఆ ఆగడం ఎందుకో నాకు ఆ సోడా అంగట్లో తెలిసింది.

"నువ్వే పెట్టు రా పేరు. మేమందరం పోయినంక కూడా వాన్ని పిలిసేటోనివి నువ్వే గదా" అన్నాడు తాత.

చాలాసేపు ఆలోచించాను. జేజి నోటికి అలవాటైన మాట కావాలి, ఎవరి మొగుడి పేరూ, ఎవరి మామ పేరూ కాకూడదు. అలాంటిది నా దగ్గర ఒక్కటే ఉంది. ఇవ్వడానికి మనసు రాలేదు. చివరికి గోలీని వేలితో నొక్కుతూ, తల ఎత్తకుండానే "వేకువ" అన్నాను.

తాత ఆ మాటను నోట్లోనే రెండుసార్లు అనుకుని, లేచి ముందుకు పోయి, "వేకువా!" అని కేకేశాడు. ఒక్కరు కూడా తిరగలేదు. ఒకాయన మాత్రం మిట్టమధ్యాహ్నం ఇదేం మాటని ఆకాశం వైపు చూశాడు. "ఖాళీగుండాది రా, ఇది మనదే" అన్నాడు తాత.

మరునాడు ఇంట్లో పెద్ద రభసే అయింది. అవ్వ బుగ్గలు నొక్కుకుంది. ఇలాంటి పేరు మనుషులకు పెడతారా అంది. బడిలో పిల్లలు నవ్వుతారని నాయన అన్నాడు. ఊళ్ళో ఓబులేసులు చాలినంతమంది ఉన్నారని, తన పేరుకు వచ్చిన కరువేమీ లేదని తాత తేల్చేశాడు. పేరు గలాయనే వద్దన్నాక ఇంకెవరేమంటారు? పళ్ళెంలో బియ్యం పోసి, పసుపుకొమ్ముతో వేకువ అని రాశారు. రాయగానే తాత మూలన కూర్చున్న మా జేజి వైపు తిరిగి, "వదినా, ముందు నువ్వు పిలువు" అన్నాడు.

జేజి ఆ మాట విని ముందు పిల్లవాడి వైపు చూడలేదు, నా వైపు చూసింది. ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకు వెంటనే తెలిసిపోయింది. పిల్లవాణ్ణి ఎత్తుకుని, చెవి దగ్గర మెల్లగా "వేకువా" అంది. మళ్ళీ అంది. మూడోసారికి గొంతు పెరిగింది. ఆ తరువాత ఇక ఆపలేదు. "వేకువా, ఓ వేకువా, నా వేకువా" అని ఇల్లంతా వినబడేలా పిలుస్తూనే ఉంది. తొమ్మిదేళ్ళ పిలుపులన్నీ ఒక్కసారే పిలిచింది. వాడు దడుసుకుని గుక్కపట్టాడు. మా అమ్మ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

నేను వాకిట్లో నిలబడి చూస్తున్నాను. సంతోషంగానే ఉంది, కానీ రేపటి నుంచి నన్ను ఏ మాటతో లేపుతుందోనని లోపల బెంగగా కూడా ఉంది. అప్పుడు జేజి తల తిప్పి, అదే గొంతుతో కేకేసింది.

"వేకువోళ్ళన్నా! ఆడెందుకు నిలబడినావు? ఈడికి రా!"

అన్నేళ్ళలో నేనొక్కణ్ణే పలకగలిగిన పిలుపు అదే మొదటిది. నంద్యాల తిరిగొచ్చాక సాయంత్రాలు ఆ కేక వీధి చివరిదాకా వినబడేది, దానికి నేనొక్కణ్ణే పరుగెత్తుకొచ్చేవాణ్ణి. పొద్దునపూట మాత్రం పాత మాటే. "వేకువాయె" అని నన్ను లేపితే, కాస్త పెరిగాక వాడు కూడా లేచి కూర్చునేవాడు.

బడిలో వాణ్ణి చూసి నాలుగు రోజులు నవ్వారు, అయిదో రోజుకు అలవాటు పడ్డారు. వాడి పెండ్లయ్యాక మా మరదలు కూడా జేజి దారే పట్టింది. ఇన్నేళ్ళుగా ఆమె ఆ మాట అనకుండా "తెల్లారుజాము" అంటూ గడుపుకొస్తోంది. ఇప్పుడు మా బంధువుల్లో ఎవరైనా పిల్లవాడికి పేరు చెప్పమని వస్తే, వాణ్ణి ఇంట్లో ఎక్కువసార్లు పిలిచేది ఎవరని అడుగుతాను. ముందు వాళ్ళనే అడిగి రమ్మంటాను.

జేజి పోయింది, తాత పోయాడు, అవ్వ, అమ్మ, నాయన అందరూ వెళ్ళిపోయారు. తాత చెప్పినట్టే వాణ్ణి పిలిచేవాణ్ణి నేను మిగిలాను. మొన్న పెండ్లికి పోయి వస్తూ ఆళ్ళగడ్డ బస్టాండులో ఇద్దరం జనంలో విడిపోయాము. సోడా అంగడి ఉన్న చోట ఇప్పుడు సెల్లుఫోన్ల కొట్టు ఉంది. నా జేబులో కూడా ఫోనుంది. అయినా తీయలేదు. ఆ కొట్టు ముందు నిలబడి, గొంతు సవరించుకుని, "వేకువా!" అని గట్టిగా కేకేశాను.

అంత జనంలో ఒక్క తల తిరిగింది, నెరిసిన తల. "వస్తాండా అన్నా" అన్నాడు.