తాత ఊపిరిని అక్క పీల్చలేదు

నా చిన్నప్పుడు నేను ఆడిన ఒక అబద్ధం మా ఊళ్ళో ఇప్పటికీ నిజంలా తిరుగుతోంది. పెద్దేముల్ దగ్గరి ఆ ఊళ్ళో నన్ను ఎరిగినవాళ్ళు ఇంకా చాలామందే ఉన్నారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

మా పక్కింటి అక్క గొర్రెలు కాసేవాళ్ళ అమ్మాయి. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది కానీ రేడియో వినడం ఆగలేదు. మధ్యాహ్నం పూట ఒక డాక్టరుగారు గుండె గురించి, నెత్తురు గురించి, ఊపిరితిత్తుల గురించి పాఠంలా చెప్పేవారు. ఎండకు తలుపులు దగ్గరగా వేసి, ఆ మసక చీకట్లో మేమిద్దరం రేడియో ముందు కూర్చునేవాళ్ళం. ఒకరోజు ఆయన మాటలు ఆపి, మనిషి ఊపిరి వినిపించారు. మొదట ఆరోగ్యంగా ఉన్న మనిషిది. తర్వాత నెమ్ము చేరిన మనిషిది. ఆ రెండో ఊపిరిలో ఏదో చిటచిటమంటోంది. ముఖం లేని మనిషి ఎవరో ఆ పెట్టెలో పడుకుని గాలి కోసం కష్టపడుతున్నట్టు అనిపించి నేను రేడియో కట్టేయమన్నాను. అక్క మాత్రం నా చెవి పక్క వెంట్రుకలు నాలుగు పట్టుకుని వేళ్ళ మధ్య నలిపింది. అచ్చం అదే చప్పుడు.

మర్నాడు ఆమె బొప్పాయి ఆకు కాడ కోసింది. అది లోపల బోలుగా ఉంటుంది. ఒక కొన గొర్రె డొక్కకు ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుని విన్నది. తర్వాత నా ఛాతీ విన్నది. తన గుండె నాకు వినిపించింది. లోపల ఎవరో ఆగకుండా తలుపు తడుతున్నట్టుంది. నేను కాడ వదిలేసి దూరం జరిగాను.

ఆ రోజుల్లోనే మా తాతకు జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. అందరూ కంది చేనుకు పోయిన ఒక మధ్యాహ్నం అక్క వచ్చి, నిద్రపోతున్న తాత వీపుకు కాడ ఆనించింది. చాలాసేపు కదల్లేదు. తర్వాత నన్ను వినమంది. విన్నాను. రేడియోలోని ఆ మనిషి మా తాత లోపలికి వచ్చి పడుకున్నాడు.

"మీ నాయినకు జెప్పు. రేపే వికారాబాద్ దవాఖానకు తోల్కపొమ్మను. గొర్లోళ్ళ పిల్ల మాట ఎవరింటరు? నువ్వు మనుమనివి, నువ్వు జెప్తే ఇంటరు" అంది.

నేను చెప్పలేదు. ఎవరినీ ఇంట్లోకి రానివ్వద్దని నాయన హెచ్చరించి పోయాడు. రానిచ్చానని తెలిస్తే తన్నులు తప్పవు. ఆ సాయంత్రం చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు. మూడో రోజు పొద్దున తాత పెదవులు నల్లబడ్డాయి. మనుషులను గుర్తుపట్టడం మానేశాడు. మంచం కింద పడి ఉన్న బొప్పాయి కాడ నాయనమ్మ కంటబడింది.

"ఇదేడిదిరా?"

వినడానికి పెట్టిందంటే, ఏం విన్నదని అడుగుతారు. అప్పుడు నేను రెండు రోజులు దాచిన మాట బయటపడుతుంది. "పక్కింటి అక్క తెచ్చింది. దాంతోని తాత ఊపిరి పీల్చింది" అన్నాను.

బాణామతి అన్న మాట నేను అనలేదు. అనవలసిన అవసరం కూడా లేకపోయింది. చేతబడి చేసిందంటే, మళ్ళీ మంత్రం పలకకుండా ఆడమనిషి పళ్ళు ఊడబెరికే రోజులవి. కాసేపట్లో అక్క గుమ్మం ముందు జనం పోగయ్యారు. మా చిన్నాయన చేతిలో పటకారు ఉంది.

"బైటికి రాయే! పీల్చిన ఊపిరి ఏడ దాసినవే?"

అక్క బయటికి వచ్చింది. పటకారు చూసింది. జనంలో నన్ను చూసింది. ఆమె నా పేరు ఎత్తితే చాలు, నిజం తేలిపోయేది. ఆమె నా మీది నుంచి చూపు తిప్పుకుని, నేనెన్నడూ వినని గొంతుతో అంది: "దాసిన. ఈడ ఇయ్య. వికారాబాద్ దవాఖానల పండవెడితెనే ఇస్త. ఇయ్యాల పొద్దుగూకేలోపు తోల్కపోవాలె. నేను గూడ వస్త. ఇయ్యకుంటే ఆడనే నా పళ్ళు వీకుండ్రి."

బాణామతి చేసినవాళ్ళే దాన్ని తీయాలని మా ఊరి నమ్మకం. అందుకే ఎవరూ ఎదురు చెప్పలేదు. తాండూరు దాకా బండి, అక్కడి నుంచి రైలు. నన్నూ వెంట తీసుకెళ్ళారు. రైల్లో అక్క కూర్చున్న బల్ల మీద ఇంకెవరూ కూర్చోలేదు. ఆసుపత్రిలో డాక్టరు తాత వీపు విని, వెంటనే సూది వేయించి, నెమ్ము ముదిరిందనీ, ఇంకొక్క రోజు ఆగితే దక్కేవాడు కాదనీ చెప్పాడు. చిన్నాయన ఆ మాట విన్నాడు. పటకారు చుట్టిన తువ్వాల మాత్రం చంకలోంచి తీయలేదు.

వరండాలో ఎవరూ లేనప్పుడు, ఎందుకలా చెప్పావని అక్కను అడిగాను.

"రేడియోల డాక్టర్ జెప్పిండంటే నవ్వుతుండిరి. నీ పేరు జెప్తే నిన్ను తంతుండిరి. గా లొల్లిల ముసలాయన పోతుండె" అంది. కోపంగా కూడా అనలేదు.

తాత బతికాడు. అక్క ఊపిరి తిరిగిచ్చిందని ఊరు నమ్మింది. తిరిగిచ్చిందంటే తీసుకున్నట్టే కదా! ఆ తర్వాత ఆమె చేతి నీళ్ళు ఎవరూ తాగలేదు, సంబంధాలు రాలేదు. చివరికి ఆ కుటుంబం గొర్రెలు అమ్ముకుని తాండూరు వెళ్ళిపోయింది.

ఈ మధ్య మా అమ్మాయి ఫోనులో శరీరం గురించి చెప్పే కార్యక్రమమేదో వింటుంటే, ఆ నెమ్ము చప్పుడు మళ్ళీ వినబడింది. నేను గదిలోంచి లేచి వచ్చేశాను. ఏమైందని అడిగితే మొదటిసారి తనకు చెప్పాను. ఆ వారమే తాండూరు వెళ్ళి అక్క ముందు తల వంచుకుని కూర్చున్నాను.

"నాకెందుకు జెప్తున్నవ్ తమ్మీ? నాకెరుకలేదా? ఊరికి జెప్పు" అంది.

చెబుతున్నాను. ఆమె ఊపిరి పీల్చలేదు. విన్నది. చెప్పమంది. నేను చెప్పలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక తాత ఎనిమిదేళ్ళు బతికాడు. అక్క వాళ్ళు ఊరు విడిచేదాకా మా నాయనమ్మ వాళ్ళ గుమ్మం ముందు నుంచి పోతున్నప్పుడల్లా కొంగుతో తన ముక్కూ నోరూ గట్టిగా మూసుకునేది, రెండో చేత్తో నా ముఖం మూసేది. ఆ అరచేతిని నేను ఒక్కసారి కూడా తీసేయలేదు. అది ఇంకా నా నోటి మీదే ఉన్నట్టుంటుంది.