దువ్వెన సీను

మంచి పుస్తకాన్ని సినిమా తీసి పాడు చేశారని ఎవరైనా అంటే నేను నోరు మూసుకుంటాను. నోరు మూసుకోవడం నా స్వభావం కాదు, మా ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. కానీ ఈ ఒక్క విషయంలో మాట్లాడే మొహం నాకు లేదు. ఒక దయ్యాల సినిమాను మా వాడకట్టంతా ఏళ్ల తరబడి తిట్టింది. ఆ తిట్లలో సగం నాకు రావలసినవి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఐదారేళ్లయి ఉంటుంది. అప్పుడే నేను లక్సెట్టిపేట నుంచి సిరిసిల్లకు కోడలిగా వచ్చాను. మాదీ అత్తవారిదీ నేతపనే గానీ, మా బాపు నన్ను ఏడో తరగతి దాకా చదివించాడు. పెండ్లిచూపులప్పుడు ఆ సంగతి చెబితే మా మామ, "సదువుతోని బట్ట దిగుతదా?" అని అడిగాడట. అత్తవారింట్లో నాలుగు గుంట మగ్గాలు. మామ, మా ఆయన, ఇద్దరు కూలి నేతగాళ్లు నేసేవారు. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే కండెలకు రాట్నం మీద నూలు చుట్టడం ఆడవాళ్ల పని. నాకు ఆ పని చేతకాక కాదు, ఇష్టం లేక. నేను చుట్టిన కండె వదులుగా వచ్చేది, మగ్గం మీద పోగు తెగేది. మామ గుంటలోంచి తలెత్తి, "ఎవలు సుట్టిండ్రు గీ కండె?" అనేవాడు. ఎవరు చుట్టారో ఆయనకు బాగా తెలుసు.

అలాంటి నన్ను కాపాడింది దయ్యాలు. మా ఆయన నూలు కోసం కరీంనగర్ పోయినప్పుడల్లా బస్టాండు దగ్గర పాత పుస్తకాలు తెచ్చేవాడు. అట్ట మీద పుర్రె, లేకపోతే జుట్టు విరబోసుకున్న ఆడమనిషి. ఒక మధ్యాహ్నం నేను ఊరికే పైకి చదువుకుంటుంటే రాట్నాల దగ్గర ఆడవాళ్లు చేతులు ఆపి విన్నారు. మర్నాడు అత్తే పని పంచింది.

"నీ కండెలు నేను సుడ్త పిల్లా. నువ్వు సదువు."

అత్తకు అక్షరం ముక్క రాదు. కానీ కథ వినడంలో ఆమెను మించినవాళ్లు లేరు. నేను తొందరపడి ఒక పేరా దాటేస్తే, "ఆగు, గా తలుపు ఇంక తెరువలే గదా, లోపటికెట్ల వచ్చిండు?" అని పట్టుకునేది.

నాలుగు మగ్గాల చప్పుడు మీద చదవడమంటే మాటలు కాదు, సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది. కానీ దయ్యం వచ్చిందంటే మగ్గాలు ఒక్కొక్కటే ఆగేవి. మామకు అది ఒళ్లు మంట. "దయ్యమొచ్చినప్పుడల్ల మగ్గాలాగుతున్నయి. గిట్లయితే ఏం దిని బతకాలె, దయ్యాన్నా?" అనేవాడు. దాంతో నేనొక ఉపాయం కనిపెట్టాను. దయ్యాన్ని తలుపు వెనకే నిలబెట్టి, గాలినీ నక్కల కూతనూ సాగదీసి, సరిగ్గా అన్నాల వేళకు లోపలికి తెచ్చేదాన్ని. ఆ వేళకు మగ్గాలు ఎలాగూ ఆగుతాయి. రచయిత రాయని గాలి ఎంత వీచిందో ఆ ఇంట్లో! పుస్తకంలో జమీందారు బంగళా అని ఉంటే గడీ అని చదివేదాన్ని. బంగళా అంటే మావాళ్లకు తెలియదు, దొరల గడీ అంటే చెప్పకుండానే వణుకు పుట్టేది. నా అబద్ధాలు అలా చిన్న చిన్నగా మొదలయ్యాయి.

అప్పుడొచ్చిందీ పుస్తకం. పాడుబడ్డ గడీ, అందులో తెల్లచీర దయ్యం. పది రోజులు చదివాను. రోజురోజుకూ వాడకట్టు ఆడవాళ్లు పెరిగారు. పదో రోజు కథ మంచి పట్టు మీద ఉండగా పేజీ తిప్పితే, ఎదురుగా అట్ట. చివరి పేజీలు లేవు. ఏ కిరాణా దుకాణంలోనో పొట్లాలైపోయి ఉంటాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అందరూ నా మొహమే చూస్తున్నారు. లేవని చెప్పొచ్చు. చెబితే పది రోజుల కథ బూడిదలో పోసిన పన్నీరు, రేపటి నుంచి నాకు మళ్లీ రాట్నం. పుస్తకాన్ని మొహానికి దగ్గరగా పట్టుకుని, అట్టను చూస్తూ చదవడం మొదలుపెట్టాను.

ఇక్కడ మా ఆడబిడ్డ సంగతి చెప్పాలి. ఆమెను నేను చూడలేదు. నేను కాపురానికి రాకముందే ఆసిఫాబాద్ దగ్గర అత్తవారింట్లో తొలి కాన్పులో పోయింది. వానాకాలం, వాగులు పొంగి కబురు ఆలస్యమైంది. అత్త అక్కడికి చేరేసరికి సాగనంపడం కూడా అయిపోయింది. బాలింతగా పోయినవాళ్లు దయ్యమవుతారని మా దిక్కు నమ్మకం. వాడకట్టులో చాటుగా అనుకునేవారు కూడా. అత్త విననట్టే ఉండేది. ఒక్కసారి మాత్రం, నా తలకు నూనె రాస్తూ, "దాని తల సుత దువ్వకపోతి. చిక్కులతోనే సాగదోలిండ్రు," అంది.

ఆ మాట ఆ వేళ నా నోటికి ఎలా వచ్చిందో! గడీ వెనక గుడిసెలో ఒక ముసలితల్లి ఉందని చదివాను. దయ్యాన్ని చూసి ఊరంతా పారిపోతే ఆమె ఒక్కతే తలుపు తీసింది. "వచ్చినవా బిడ్డా, కూసో," అని పీట వేసింది. ముందు కూచోబెట్టుకుని దువ్వెన తీసింది. విరబోసిన ఆ జుట్టును చిక్కు చిక్కూ విడదీసి, నూనె పెట్టి, జడ అల్లింది. జడ అయిపోయాక దయ్యం లేచి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. కథ అయిపోయిందని పుస్తకం మూశాను.

అత్త ఏడ్చింది. కొంగు అడ్డం పెట్టుకోకుండా, మామ ముందే, అందరి ముందే ఏడ్చింది. ఆ తర్వాత ఎవరైనా బాలింత దయ్యం ఊసెత్తితే, "గదేం జెయ్యదే. తల దువ్వితే పోతది," అని చెప్పడం మొదలుపెట్టింది. నాకు భయమూ వేసింది, గర్వమూ కలిగింది. అబద్ధమెందుకు, గర్వమే ఎక్కువ.

ఏడాది తిరగకుండానే ఆ పుస్తకం సినిమా అయి కరీంనగర్ వచ్చింది. కబురు తెచ్చిన మా ఆయన మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. అంతవరకు సినిమా మొహం చూడని అత్త, చేతిలో పని కింద పెట్టింది.

"నేను సూడాలె. గా దువ్వెన సీను సూడాలె."

"సినిమాలల్ల అన్నీ సూపియ్యరు అత్తమ్మా."

"ఎందుకు సూపియ్యరు? గదే కథ. గది లేకుంటే ఇంకేమున్నది?"

"బస్సుల నీకు కడుపుల తిప్పుతది."

"తిప్పనియ్యి."

నేతవాళ్లకు అమావాస్య సెలవు. ఆ రోజు మగ్గం ముట్టరు. అందుకని అమావాస్యనాడే, మాట్నీకి, పదిహేను మందిమి బయల్దేరాం. "అమాస నాడు దయ్యం సిన్మానా? మీకు పిచ్చా?" అన్నాడు మామ. అని, అందరికంటే ముందు వెళ్లి బస్సులో కూచున్నాడు. దారంతా అత్త ఆ సీను గురించే మాట్లాడింది. నేను కిటికీలోంచి చూస్తూ, బస్సు చెడిపోతే బాగుండునని మొక్కుకున్నాను. బస్సులో ఎవరో, ఆట తొందరగా ముగియడానికి హాళ్లవాళ్లు రీళ్లు కోసేస్తారని చెబుతుంటే అత్త చెవి అటు పెట్టి వింది.

ఇక ఆ సినిమా సంగతి. పేరు గొప్ప, ఊరు దిబ్బ. నలభై గదుల గడీ అని చదివానా, సినిమాలో రెండు గదులూ ఒక మెట్లదారీ ఉన్నాయి. భయపడినవాడల్లా ఆ మెట్లే ఎక్కాడు, ఆ మెట్లే దిగాడు. హీరో గోడకు చెయ్యి ఆనిస్తే గోడ ఊగింది. ఇంతలో గబ్బిలం ఒకటి రెక్కలు కొట్టకుండానే ఎగిరి వచ్చింది. వేరేవాళ్లు జడుసుకున్నారేమో గానీ, మా బెంచీలన్నీ నేతవాళ్లవి. వేల పోగుల పడుగులో తెగిన ఒక్క పోగును పట్టుకునే కళ్లు వాళ్లవి.

"దారం! దారం కనవడుతున్నది!" అని మామ లేచి నిలబడి అరిచాడు.

హాలంతా ఘొల్లుమంది. ఆ తర్వాత గబ్బిలం వచ్చినప్పుడల్లా మావాళ్లు దారాన్నే చూశారు. చివరికి దయ్యం వచ్చింది. "మిల్లు బట్ట," అన్నాడు మా కూలి నేతగాడు. "గంజి సుత పోలే," అన్నాడు మా ఆయన. నిజమే, దయ్యం నడుస్తుంటే ఆ కొత్త చీర అట్టలా నిలబడుతోంది. అందరూ కడుపు చేత్తో పట్టుకుని నవ్వుతున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒక్కొక్క సీను అయిపోతున్నకొద్దీ చివర దగ్గరవుతోంది. పక్కన అత్త కూడా నవ్వలేదు. దారాన్ని చూడలేదు, బట్టను చూడలేదు, ముందుకు వంగి కూచుని తన సీను కోసం చూస్తోంది.

చివరికి హీరో దయ్యం జుట్టు పట్టి లాగాడు. జుట్టు ఊడి చేతికి వచ్చింది. లోపల గడీ లెక్కలు చూసే దివాను, మీసాలతో సహా! ఆస్తి కోసం వేషం వేశాడట. అసలు దయ్యమే లేదు. కొండను తవ్వి ఎలుకను పట్టారు. జనం ఈలలు వేసి, తిట్టి, లేచారు. అత్త లేవలేదు.

"కూసో పిల్లా. ఇంక ఉన్నది. దువ్వెన సీను రాలే."

హాలు ఖాళీ అయింది. ఊడ్చేమనిషి చీపురు పట్టుకుని మా వరసకు వచ్చింది. అప్పుడు అత్తకు బస్సులో విన్న మాట గుర్తొచ్చింది. లేచి, బయట ఇరుకు మెట్లెక్కి, ఆపరేటరు గది తలుపు కొట్టింది. వెనకే మామ, నేను. మిగతావాళ్లు కిందే ఉన్నారు.

"నా సీను ఏడ గోసినవు కొడుకా?" అంది అత్త.

"ఏం సీనవ్వా?"

"తల్లి దయ్యానికి తల దువ్వుతది. నేను గంత దూరం నుంచి గది సూద్దామనే వచ్చిన. జర ఒక్కసారి ఎయ్యి బిడ్డా. నిలవడి సూసి పోత."

"గసొంటి సీను లేదవ్వా. వచ్చిన రీళ్లన్ని ఏసిన."

"అబద్ధమాడకు!" అని మామ అతని చెయ్యి పట్టుకున్నాడు. కింద నుంచి మావాళ్లు దొంగ, దొంగ అని అరుస్తున్నారు. "మా అవ్వ మీద ఒట్టు కాకా, ఒక్క ముక్క గోయలే," అని ఆ ఆపరేటరు బతిమాలాడు.

నేను ఊరుకుంటే అతను దొంగ అవుతాడు, నేను దొరనవుతాను. అత్త తన సీను ఎక్కడో డబ్బాలో ఉందని నమ్ముతూ ఇంటికి వస్తుంది. అలాగే ఊరుకోవాలని ఎంత అనిపించిందో! కానీ అతని మొహం చూస్తే నా వల్ల కాలేదు.

"ఆయన గోయలే అత్తమ్మా. గా సీను పుస్తకంల లేదు. కొసకు కాయితాలు లేకుండె. నేనే కల్పించి చెప్పిన."

మామ ఆ చెయ్యి వదిలాడు. అత్త నావైపు తిరిగింది.

"అంత ఉత్తదేనా?"

"ఉత్తదే."

"నా బిడ్డను నువ్వు సూడనన్న సూడలే," అంది. అని, గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగింది. కింద అందరూ ఏమైందని అడిగితే, "ఏం లేదు, పాండ్రి," అని మామ అందరినీ బయల్దేరదీశాడు. మావాళ్లు దాన్ని తమకు తోచినట్టు అర్థం చేసుకుని, రీలు కోసిన దొంగలను ఇంటిదాకా తిడుతూ వచ్చారు.

మర్నాడు పొద్దున అత్త నా ముందు రాట్నం పెట్టింది. మధ్యాహ్నం వాడకట్టు ఆడవాళ్లు వస్తే, "పిల్లకు కండ్లు గుంజుతున్నయట. సదువదు," అని పంపేసింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. మామ కూడా నోరు విప్పలేదు. తిట్టినా బాగుండేది. నా తలకు నూనె రాయడం మానేసింది. నేనే రాసుకుని నేనే దువ్వుకునేదాన్ని, ఏడుపొచ్చేది. నేను చదువుకున్నానన్న పొగరుతో ఆమె పుండు మీద చెయ్యి పెట్టాను. ఎవరి మీద అలగను?

నా మొహం చూడలేక మా ఆయన అదే పుస్తకం, పేజీలన్నీ ఉన్నది, ఎక్కడో వెతికి తెచ్చాడు. ఆత్రంగా చివరికి తిప్పాను. విగ్గు, దివాను, మీసాలు. సినిమావాళ్లు పాపం ఒక్క ముక్క కూడా మార్చలేదు. దారమూ మిల్లు బట్టా వాళ్ల లేమి. కథ మాత్రం అచ్చంగా రచయితదే. పది రోజులు మమ్మల్ని వణికించి, చివరికి దివానా! ఆ పుస్తకాన్ని పెట్టె అడుగున పడేశాను.

మూడు నెలలు గడిచాయి. అత్తకు అక్క ఒకామె ఉండేది, ఆసిఫాబాద్ దిక్కే. ఆమె చుట్టపుచూపుగా వచ్చింది. పొద్దున మగ్గాలు ఆడుతున్నాయి, మేం రాట్నాల దగ్గర ఉన్నాం. ఆ మాటా ఈ మాటా అయ్యాక ఆమె గొంతు తగ్గించింది.

"మా దిక్కు ఇంక అంటనే ఉన్నరు చెల్లె. మన పిల్ల వాగు కాడ తెల్లచీరల కనవడ్డదట."

నా చెయ్యి ఆగింది. అత్త రాట్నం మాత్రం ఆగలేదు.

"కనవడనియ్యి. గదేం జెయ్యదు. పుస్తకంల ఉన్నది," అంది.

"ఏమున్నదే?"

"తల్లి కూసోవెట్టి తల దువ్వుతది. ఎడమ చెవెనుక పుట్టుమచ్చ జూసి ఆనవాలు వడ్తది. దువ్వినంక మంచిగ పోతది. సిన్మల గది కోసిండ్రు. మా పిల్ల సదివింది, నేను చెవులార విన్న."

పుట్టుమచ్చ సంగతి నేనెప్పుడూ చెప్పలేదు. నాకు తెలియనే తెలియదు. అత్త నా వైపు చూడకుండానే అంది:

"నాకు అంత మంచిగ యాదికి లేదు. పుస్తకం తే పిల్లా. పెద్దమ్మకు సదువు."

ఇంట్లో రెండు పుస్తకాలున్నాయి. నేను చిరిగినదే తెచ్చాను. చివరి అట్ట తెరిచి, లేని పేజీ చదివాను. పీట, నూనె, ఒక్కొక్క చిక్కూ. ఎడమ చెవి వెనక పుట్టుమచ్చను కూడా చదివాను. జడ సగంలో ఉండగా నాలుగు మగ్గాలూ ఆగిపోయాయి, మామది కూడా. అన్నాల వేళకు ఇంకా చాలా పొద్దుంది.