బావ బోర్డుకి మూడు పళ్ళు

ఆయన చేసేది కట్టుడు పళ్ళు. పళ్ళాసుపత్రి వెనక గదిలో, కిటికీ పక్కనున్న బల్ల మీద, ఏళ్ళ తరబడి జనం నోళ్ళకి అచ్చులు పోసి, మైనం కరిగించి, గులాబీ రంగు చిగుళ్ళలో తెల్లటి పళ్ళు కూరుస్తూ వచ్చాడు. అందరూ ఆయన్ని పళ్ళ మేస్త్రి అంటారు. డాక్టరు పేరు గుర్తులేనివాళ్ళు కూడా మేస్త్రి చేసిన సెట్టయితే రాళ్ళయినా నమలొచ్చని చెబుతారు. తను చేసిన సెట్టు ఒక్కటీ తిరిగి రాలేదని ఆయనకి లోపల కొంచెం పొగరు. కొంచెమేమిటి, దండిగానే ఉంది. పైకి మాత్రం నంగనాచిలా తల వంచుకుని, "ఏదో, చెయ్యి తిరిగింది" అంటాడు.

అలాంటి మనిషి ఇంట్లో భోజనాల బల్ల మీదకి ఒక సెలవునాటి పొద్దున ఆయన బావ తన విండ్‌సర్ఫ్ బోర్డు మోసుకొచ్చి పడేశాడు. తెరచాప బిగించుకుని మీద నిలబడితే గాలికి నీళ్ళ మీద దూసుకుపోయే బోర్డు అది. బోర్లా తిప్పితే తోక దగ్గర ఒకే ఒక ఫిన్ను, చేప వీపు మీది రెక్కలా పొడుగ్గా నిలబడి ఉంది. నీళ్ళలో బోర్డు పక్కకి జారిపోకుండా పట్టి ఉంచేది అదే.

"ఒంటిపన్ను ముసలమ్మలా లేదూ? దీనికి మూడు పళ్ళు పెట్టరా బామ్మర్దీ," అన్నాడు బావ. "నడుమ చిన్నదొకటి, అటూ ఇటూ ఒక్కోటి. మనుషుల నోట్లో ముప్పైరెండు పెట్టేవాడివి, నీకిదెంత!"

బావ బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఆయన గొంతు మాత్రం ఇంకా ఉద్యోగంలోనే ఉంది. ఒడ్డున తెరచాపలు వేసుకునే గుంపుకి ఆయనే పెద్ద. కిందటి నెలలో ఒకనాడు మంచి వేగం మీద ఉండగా బోర్డు తోక ఒక్కసారిగా పక్కకి జారింది. మనిషి ఎగిరి నీళ్ళలో పడ్డాడు, ఆయన మీద తెరచాప పడింది, నడుముకున్న కొక్కెం తాడులో చిక్కుకుంది. చేపల పడవవాళ్ళు వచ్చి లాగేదాకా నీళ్ళ కిందే ఉన్నాడు. బయటపడ్డాక ఆయన కనబడ్డవాళ్ళందరికీ చెప్పిన మాట ఒకటే: తప్పు నాది కాదు, ఫిన్నుది. ఒక్కటే కాబట్టి పట్టు వదిలేసింది, మూడుంటే వదిలేదా? మూడూ పెట్టించుకుని మళ్ళీ దిగుతానని ఒడ్డున అందరి ముందూ సవాలు కూడా చేశాడు.

ఆ సాయంత్రమే అక్క వచ్చింది. ముందు గదిలోకి రాకుండా తిన్నగా వంటింట్లోకి వెళ్ళి తమ్ముణ్ణి పిలిచింది.

"ఆ పని పూర్తి చెయ్యకురా."

"అదేంటక్కా?"

"ఆయన నీళ్ళ కింద ఉన్నంతసేపూ నేను ఒడ్డున నిలబడి గొంతు పోయేలా అరిచాను. పోయాడనే అనుకున్నాను. ఇంకోసారి చూసే ఓపిక నాకు లేదురా. నీకు దణ్ణం పెడతాను, ఏదో ఒకటి చెప్పి నాన్చు."

"వద్దని బావతోనే చెప్పొచ్చుగా?"

"వద్దంటే ఆ పూటే వెళ్తాడు. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని నీకు తెలీదూ?"

మేస్త్రి సరేనన్నాడు. అక్కకి మాటిచ్చి, బావ పని ఒప్పుకుని, అడకత్తెరలో పోకచెక్కలా మిగిలాడు.

పనిని చెడగొట్టడం ఆయనకి చేతకాదు. నిదానంగా చెయ్యడం మాత్రం బాగా వచ్చు. బోర్డు అడుగున ముక్కు నుంచి తోక దాకా నడిమి గీత గీయడానికే రోజులు పట్టించాడు. పక్క ఫిన్నులు రెండూ ఆ గీతకి సమాన దూరంలో ఉండాలి, వాటి ముందు కొసలు రెండూ వెంట్రుకవాసి లోపలికి చూడాలి. గీశాడు, తుడిచాడు, మళ్ళీ గీశాడు. ఆ తర్వాత పళ్ళు అరగదీసే చిన్న యంత్రంతో బోర్డు పై పెంకుని గోరంత గోరంత కోసి, లోపలున్న తెల్లటి థర్మోకోల్‌ని చెంచాతో తోడాడు. ఫిన్నులు కూర్చునే ప్లాస్టిక్ అరలు ఆ గుంటల్లో దిగాలి. దింపాడు, తీశాడు, ఇంకాస్త అరగదీశాడు. గది నిండా తెల్లటి పొడి. భార్యాభర్తలిద్దరూ పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని తినాల్సి వచ్చింది.

"మనింటికి శవం వచ్చినట్టు బల్ల మీద ఇదేంటండీ," అని భార్య సణిగింది. "ఎత్తేదాకా నేను తుడవను, అంతే."

బావ రోజూ సాయంత్రం వచ్చేవాడు. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, పాత పందాల కబుర్లు చెప్పేవాడు. ఏ గాలికి ఎవరు పడ్డారో, తను ఎలా నిలబడ్డాడో అభినయించి మరీ చూపించేవాడు. పని ఎంతదాకా వచ్చిందని మాత్రం అడిగేవాడు కాదు. మేస్త్రి ఒకసారి ఫిన్ను అరలో బిగించి చూపించబోతే, మంచినీళ్ళ కోసమని లేచి వెళ్ళాడు.

"తొందరేం లేదురా. నిదానంగా కానీ," అనేవాడు వెళ్తూ వెళ్తూ.

బావకి ఇంత ఓపిక ఎప్పుడొచ్చిందా అని మేస్త్రి అనుకున్నాడే గానీ అంతకుమించి ఆలోచించలేదు. మనిషి నోరు తెరిస్తే లోపలున్నదంతా చూడగలిగినవాడికి ఎదురుగా కూర్చున్న మనిషి మనసులో ఉన్నది కనబడలేదు.

ఇంతలో ఆ తెరచాపల గుంపులో ఒకాయన పళ్ళు కట్టించుకోవడానికి ఆసుపత్రికి వచ్చాడు. బట్టతలాయన, మాట దురుసు. అచ్చు తీయించుకుని నోరు పుక్కిలించి, "ఏం మేస్త్రీ, మాస్టారి బోర్డు ఇంకా మీ ఇంట్లోనే పురుడు పోసుకుంటోందట! పళ్ళంటే సరే గానీ, పెద్ద పని చేతకాదని చెప్పేస్తే పోయేదిగా?" అన్నాడు. పక్కనున్న నర్సు కిసుక్కున నవ్వింది.

మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కకిచ్చిన మాట ఆ మంటలో ఎటు పోయిందో ఆయనకే తెలియదు. ఆ వారమంతా ఆసుపత్రి నుంచి రాగానే చొక్కా అయినా మార్చకుండా పనిలో దిగాడు. రెజిన్ జిగురు కలిపాడు, ఫైబర్ గుడ్డ పరిచాడు, అరలు కూర్చోబెట్టాడు. ఎండాక గరుకు కాగితంతో నున్నగా రుద్ది, తెల్లరంగు వేశాడు. వేలితో తడిమితే ఎక్కడ కోశాడో తెలియలేదు. మూడు ఫిన్నులూ బిగించి ఎదురుగా నిలబడి చూసుకుంటే, ఇంత బాగా ఏ నోటికీ చెయ్యలేదనిపించింది.

బావ వచ్చి బోర్డు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"అప్పుడే అయిపోయిందా?" అన్నాడు.

మేస్త్రి దాన్ని మెచ్చుకోలు అనుకుని మురిసిపోయాడు.

గాలి బాగా వీచిన రోజున అందరూ ఒడ్డుకి చేరారు. అక్క కూడా వచ్చి దూరంగా నిలబడింది. తమ్ముడి వైపు కన్నెత్తి చూడలేదు. తన పొగరు కోసం అక్క బతుకుని పణంగా పెట్టానని మేస్త్రికి అప్పుడు తెలిసొచ్చింది.

బావ నడుముకి పట్టీ బిగించి, అందరి మీదా జోకులేస్తూ బోర్డుని నీళ్ళలోకి తోశాడు. నడుము లోతుకి వెళ్ళి ఆగాడు. తాడు సవరించాడు. తెరచాపని కాస్త లేపి మళ్ళీ నీళ్ళ మీద వదిలేశాడు. మళ్ళీ తాడు సవరించాడు.

"ఏం మాస్టారూ, గాలి దండగైపోతోంది!" అని ఎవరో అరిచారు.

"ఆడలేక మద్దెల ఓడన్నారు ఇన్నాళ్ళూ. మద్దెల బాగైందిగా, ఇక ఆడండి!" అన్నాడు బట్టతలాయన. గుంపంతా గొల్లుమంది.

మేస్త్రి ప్యాంటుతోనే నీళ్ళలోకి నడిచాడు. దగ్గరికి వెళ్తే బావ దవడ వణుకుతోంది, పై పళ్ళూ కింది పళ్ళూ టకటకా కొట్టుకుంటున్నాయి. నీళ్ళు చూస్తే గోరువెచ్చగా ఉన్నాయి.

"భయమేస్తోందిరా," అన్నాడు బావ, ఒడ్డుకి వినబడకుండా. "ఎక్కలేను. ఆ రోజు నుంచే తెలుసు, ఇక ఎక్కలేనని. కళ్ళు మూస్తే ఆ తెరచాప కిందే ఉంటున్నాను. నువ్వు ఇంకొన్నాళ్ళు నాన్చుతావనుకున్నానురా."

మేస్త్రికి ఇప్పుడర్థమైంది. బావ రోజూ వచ్చి బకెట్టు మీద కూర్చున్నది పని కోసం కాదు, పని అవలేదన్న ధైర్యం కోసం. ఆ ఒక్క ఆధారాన్నీ తనే చేతులారా తీసేశాడు. వెనక్కి తిరిగి చూశాడు. గుంపు ఎదురుచూస్తోంది. ఇప్పుడు బావ ఎక్కి పడాలి, లేదంటే అందరి ముందూ నడుచుకుంటూ వెనక్కి రావాలి.

మేస్త్రి బోర్డుని పక్కకి వంచి, అడుగున కుడివైపు ఫిన్నుని పట్టుకుని కాసేపు చూశాడు. నిక్కచ్చిగా ఉంది. తప్పెంచడానికి చోటు లేదు.

"వంకరగా పెట్టాను!" అని ఒడ్డు వైపు తిరిగి గట్టిగా అరిచాడు. "కుడి ఫిన్ను వంకర! దీని మీద ఎక్కితే మనిషి దక్కడు. నాదే తప్పు, పని చెడగొట్టాను!"

ఒడ్డున ఒక్కసారిగా నవ్వులు. కట్టుడు పళ్ళవాడికి ఎందుకొచ్చిన పని అని ఒకరు, ముందే చెప్పానా అని ఇంకొకరు. బావ బిత్తరపోయి చూశాడు. అంతలోనే ఆయన డ్రిల్లు గొంతు లేచింది.

"చేతకానప్పుడు ముందే చెప్పొద్దట్రా! బంగారంలాంటి బోర్డుని నాశనం చేశావు గదరా!"

తిడుతూనే ఉన్నాడు. నీళ్ళ కింద ఆయన చెయ్యి మేస్త్రి చెయ్యి పట్టుకుని వదల్లేదు. అలాగే ఒడ్డుకి చేరారు.

తమ్ముడు తన కోసమే పని చెడగొట్టాడని అక్క నమ్మి, ఇంటికి వెళ్ళాక ఆయన తల నిమిరి ఏడ్చింది. అది అబద్ధమని చెప్పే దమ్ము ఆయనకి లేకపోయింది. ఆసుపత్రిలో బట్టతలాయన తన కొత్త సెట్టుని ఇంకోసారి డాక్టరుగారే స్వయంగా చూడాలని పట్టుబట్టాడు. ఆ తర్వాత మరో ఇద్దరు అదే అడిగారు. మేస్త్రి తల వంచుకుని తన పని తాను చేసుకున్నాడు. ఈసారి అది నంగనాచితనం కాదు.

బావ మాత్రం ఈ కథని ఎక్కడికెళ్ళినా చెప్పాడు. చెప్పగా చెప్పగా వంకర పెరిగింది, కోపం నిజమైంది. వానలు మొదలయ్యాక ఒకనాడు మేస్త్రి ఇంట్లోనే, అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు, మేస్త్రి వియ్యాలవారి ముందు మొదటి నుంచీ చెప్పుకొచ్చాడు. ఈయన మీద నమ్మకం పెట్టుకుంటే నీళ్ళలో పోయేవాణ్ణే అన్నాడు. మేస్త్రి భార్య మొహం చిన్నబోయింది.

"సర్లెండి అన్నయ్యగారూ," అని సర్దిచెప్పబోయింది వియ్యపురాలు. "ఆ వంకర సరిచేస్తే మళ్ళీ వెళ్ళొచ్చుగా?"

బావ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఆయన బామ్మర్ది వైపు చూశాడు. అక్క కూడా చూసింది.

"అది నా వల్ల కాదండీ," అన్నాడు మేస్త్రి.