రొట్టెల బండికి వంతపాట

2022 వానకాలం. చొప్పదండి బస్టాండు ఎదురుగా నాది మొబైల్ రిపేరు దుకాణం. ‘పాటలు ఎక్కించబడును’ అని కూడా బోర్డు మీద ఉంటుంది. ట్రాక్టరుకు ఒక రకం, సెలూనుకు ఒక రకం, పెళ్లి బారాతుకు ఇంకో రకం పాటలను ఏరి పెన్‌డ్రైవులో వరుసగా పేర్చడాన్ని మేం ఫోల్డర్ కట్టడం అంటాం. ఊరందరికీ పాటలు, నాకు పాట్లు. నేను పాడబోతే మాత్రం ఇంట్లోవాళ్లు ఏదో ఫోను స్పీకరు పోయిందనుకుంటారు.

ఆ శ్రావణంలో లచ్చక్క దుకాణానికి వచ్చింది. అంతకుముందు ఏడాది దాకా వరినాట్లకు కూలికి పోయేది. ఇప్పుడు రోడ్డు అవతల జొన్నరొట్టెల బండి పెట్టుకుంది.

“తమ్మీ, హుషారెక్కే పాటలుంటే ఎక్కియ్యి. నాట్లల్ల పొద్దంత వంగినా అలుపు లేకుండె. గిక్కడ పది రొట్టెలు కొట్టంగనే చెయ్యి గుంజుతున్నది. బండి మూసి ఇంటికి పోబుద్ధయితున్నది.”

“కొన్నాళ్లు మూసి చూడరాదక్కా?”

“మా ఆయన దుబాయిల ఉండి రోజు గదే అంటుండు. దసరా దాక చూసి, నడువకుంటె అమ్మేసి మల్ల కూలికి పొమ్మన్నడు. రొట్టెలు అమ్ముత గని, బండి అమ్మ.”

ఆ మాట విన్నాక ఫోల్డర్ మీద నాకూ పంతం వచ్చింది. పాటలో నిమిషానికి ఎన్ని దెబ్బలు పడతాయో చూపే లెక్కను బీపీఎం అంటారు. అది బాగా ఎక్కువగా ఉన్న బారాతు పాటలన్నీ ఏరి ఇచ్చాను. మర్నాడే పెన్‌డ్రైవు వెనక్కి వచ్చింది.

“పాట ఉరుకుతున్నది, దాని ఎనక రొట్టె ఉరికి చినుగుతున్నది. ఒకాయన గిది రొట్టెనా, మురుకులా అని అడిగిండు.”

సరేనని భక్తిపాటలు పెట్టాను. ఈసారి వచ్చినవాళ్లు చెప్పులు విడిచి నిలబడ్డారట. ఒక పెద్దాయన రొట్టెను కళ్లకద్దుకుని, ప్రసాదమనుకుని పైసలియ్యకుండానే నడిచాడట. ఇది చెప్పి లచ్చక్క నవ్వింది గానీ, పోతూ పోతూ, “పాటలు మంచిగనే ఉన్నయి తమ్మీ. నాకే శాతనైతలేదేమో,” అంది. బారాతు పాటల గురించి తిట్టినప్పటికంటే ఆ మాట నన్ను ఎక్కువ పరేషాన్ చేసింది.

ఆ సాయంత్రం దుకాణం షట్టరు సగం దించి, రొట్టె తినే సాకుతో బండి దగ్గర కూర్చున్నాను. స్పీకరు బంద్ ఉంది. లచ్చక్క పిండి ముద్ద పీట మీద వేసి కొడుతూ ఏదో నాట్ల పాటలో ఒక వరస అందుకుంది. వరస అయిపోగానే ఆగింది. చెయ్యి కూడా ఆగింది. కాసేపటికి మళ్లీ అదే వరస, మళ్లీ ఆగడం.

“మధ్యల ఆగుతున్నవెందుకక్కా?”

“ఆగుతున్ననా?” అంటూ తన చేతి వైపు చూసుకుంది. “నాట్లల్ల నేనొక వరస అంటె మావోళ్లంత మల్ల గదే అనేటోళ్లు. వాళ్లనేదాక నాకు దమ్ము దొరుకుతుండె. గిక్కడ ఎవలంటరు?”

నేను ఎక్కించిన పాటల్లో అడిగేదీ మిషనే, బదులిచ్చేదీ మిషనే. మధ్యలో లచ్చక్కకు పనేం మిగలలేదు.

మరునాడు పొద్దుగూకే వేళ, నాట్లు వేసి వచ్చిన ఆమె పాత జట్టువాళ్ల దగ్గరికి రికార్డు చేసేందుకు ఫోను పట్టుకుని పోయాను. లచ్చక్క పాడే ఆ పాటకు వంత మాత్రం పాడండి, ముందు వరస ఖాళీ వదలండి అన్నాను. జట్టులో పెద్దది రాజవ్వ ఒప్పుకోలేదు.

“ముందట ఎవలన్న అనకుంటె మేం ఎట్లంటం బిడ్డా? నువ్వే అందుకో.”

అందుకున్నాను. వాళ్లు నవ్వు ఆపుకోవడానికే సగం చీకటి పడింది.

“గొంతు సంగతి మాకిడువు. వరస తప్పకుంటె సాలు,” అని రాజవ్వ ధైర్యం చెప్పాక పని సాగింది.

తర్వాత దుకాణంలో ఎడిటింగుకు కూర్చుని, నా గొంతు నేనే కోసేశాను. ఇంత సంతోషంగా నేను కత్తిరించింది మరొకటి లేదు. మామూలుగా పాటలో మౌనం వస్తే, దాన్ని గ్యాప్ అంటాం, వెంటనే తీసేస్తాం. ఇందులో ప్రతి గ్యాపునూ జాగ్రత్తగా ఉంచాను.

మర్నాడు బండి దగ్గర లచ్చక్క మొదటి వరస అందుకోగానే స్పీకర్లోంచి జట్టంతా బదులిచ్చింది. ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత ఆగలేదు. రొట్టె పీట మీద గుండ్రంగా తిరుగుతూ పెద్దదైంది. మధ్యలో ఎవరికో పచ్చడి వేస్తూ వరస మరిచిపోతే, బస్సు కోసం నిలబడ్డ ఒకావిడ అందుకుంది. ఎవరూ ఆమెను అడగలేదు.

దసరా వచ్చింది, పోయింది. తెల్లారి కూడా లచ్చక్క బండి పెట్టింది. భర్త ఫోను చేస్తే స్పీకరు దగ్గర పెట్టి, “పని మీదున్న, తర్వాత జెయ్యి,” అంది.

ఇప్పటికీ హుషారు పాటలు కావాలంటూ కొత్తగా దుకాణాలు పెట్టుకున్నవాళ్లు వస్తూనే ఉంటారు. ఏ పాట ఇష్టమని నేను ముందే అడగను. ఇంతకుముందు ఎవరితో కలిసి పని చేసేవారని అడుగుతాను. చాలామంది జవాబు చెప్పే ముందు కాసేపు ఆగుతారు. ఆ గ్యాపును కూడా నేను కత్తిరించను.